పోటీ పాట

“పన్నెండు వేలు,” అన్నాడు పూర్ణచంద్రరావు.

“పదమూడు,” అన్నారు వెనక నుంచి.

పూర్ణచంద్రరావు తిరిగి చూశాడు. మాసిన పంచె, చేతికర్ర. కిందటి రెండు వేలాల్లోనూ అడ్డం వచ్చిన ముసలాయనే.

అది పంతొమ్మిది వందల డెబ్భై ఆరు. పటమటలో అప్పు కింద జప్తయిన పెంకుటిల్లు. కోర్టు అమీనా గుమ్మం ముందే పాట పెట్టాడు.

పూర్ణచంద్రరావు కాలేజీలో గుమాస్తా. సెలవు పెట్టి వచ్చి ఇలాంటి ఇళ్ళు పాడుకుంటాడు. సున్నం కొట్టించి అమ్ముతాడు. చౌకగా పడితేనే లాభం.

చివరికి పదిహేను వేలకు పాట అతని మీదే కొట్టేశారు.

“అప్పులాయన నీకెంత ఇస్తున్నాడు పెద్దాయనా, పాట పెంచినందుకు?”

“ఏమీ ఇవ్వడండీ.”

“మరి నీకేం ఒరిగింది?”

“అప్పు పోను మిగిలింది ఇంటోళ్ళదేగా అండీ. పాట పెరిగితే వాళ్ళకు నాలుగు గింజలు.”

“నీ మీదే కొట్టేస్తే? డబ్బుందా?”

“లేదండీ. మీరు ఎందాకా వస్తారో నాకు తెలుసు.”

ముసలాయన కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

“పట్టించుకోకండి. నాలుగు పాటలు పోతే ఆయనే విసుగెత్తి మానేస్తాడు,” అన్నాడు బ్రోకర్ జక్కయ్య.

మానలేదు. పూర్ణచంద్రరావు పాడిన ప్రతిచోటా ఆ గొంతు వినపడింది.

మరుసటి వేసవిలో కంకిపాడు తెరేసమ్మ ఇల్లు వేలానికొచ్చింది. భర్త చేసిపోయిన అప్పు ఎనిమిది వేలు. ఆమె పిల్లలతో అరుగు మీద కూర్చుంది.

“ఎనిమిది వేలు,” అన్నాడు పూర్ణచంద్రరావు.

వెనక నుంచి మాట రాలేదు.

“ఒకటోసారి. రెండోసారి.”

తెరేసమ్మ జనంలో ఎవరినో వెతికింది.

“మూడోసారి.”

పూర్ణచంద్రరావు మొహం తుడుచుకున్నాడు. మొట్టమొదటి ఇంటి తర్వాత ఇంత సుళువుగా పడింది ఇదే.

“కర్ర తాతగారు రాలేదాండీ?” అని తెరేసమ్మ జక్కయ్యను అడిగింది. “తప్పకుండా వస్తానన్నారు. పిల్లలతో ఎక్కడన్నా గది తీసుకోవటానికి సరిపడా మిగిలేట్టు చూస్తానన్నారు.”

“పోయాడమ్మా. మొన్న ఆదివారం సమాధి చేశారు.”

పూర్ణచంద్రరావు జేబురుమాలు మడతపెట్టాడు.

“ఇంతకీ ఎవరు జక్కయ్యా ఆయన?”

“ఇన్నాళ్ళూ అడగలేదుగా మీరు.”

“ఇప్పుడు అడుగుతున్నా.”

“భవానీపురంలో మీరు మొట్టమొదట పాడిన ఇల్లు ఆయనదేనండీ. ఆ రోజు తలుపేసుకుని లోపలే ఉన్నాడు, పోటీ పాట ఒక్కటన్నా వినపడుద్దేమోనని.”