ఎడమ చెంప

"నేనిక ఆ కిటికీ పక్కన కూర్చోను సార్. చంపినా కూర్చోను!"

కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. జేబులు కుట్టే పిల్ల సూపర్‌వైజరు బల్ల ముందు నిలబడి, తన ఎడమ చెంపను అతని ముఖం ముందుకు చాపింది. కంటి కింద మొదలై దవడ దాకా, తెల్లగుడ్డ మీద టీ ఒలికినట్టు, గోధుమరంగు మంగు మచ్చ పరుచుకుని ఉంది.

గోడవారన, మూలగా, కాలర్లు కుట్టే పిన్ని మాత్రం తలెత్తలేదు. ఎవరి గొడవా పట్టించుకునే ఓపిక ఆమెకు లేదు.

"కుడి చెంప చూడండి, ఎడమ చెంప చూడండి. రెండూ ఒకే మనిషి చెంపలంటే నమ్ముతారా? అద్దంలోంచి పడే ఎండైనా ఎండేనట. డాక్టరు చెప్పాడు."

"మందేదో రాసుకో అమ్మాయ్."

"పగలు రాసేది వేరట, రాత్రి రాసేది వేరట. ఎన్ని రాసినా ఎండ తగలడం ఆగకపోతే అంతా దండగేనట. నిమ్మచెక్క రుద్దితే మంట పుట్టి ఇంకా నల్లబడుతుందట. గొడుగు లేనిదే గడప దాటకూడదట..."

"సినిమాలో వేషమేదో వచ్చినట్టుంది సార్!" వెనక వరసలోంచి ఎవరో అన్నారు. గది గొల్లుమంది.

సూపర్‌వైజరు నుదురు రుద్దుకున్నాడు. "తెర కట్టుకోరాదూ?"

"కడితే మీ బల్లకే చీకటని పోయిన నెల మీరే పీకించారుగా!"

అతను పెద్దగా నిట్టూర్చాడు. "సరే తల్లీ. ఎవరితో మారతావో చెప్పు."

ఆ పిల్ల గదంతా కలయజూసింది. చూపు ఒక్కో మిషనూ దాటుకుంటూ వచ్చి మూలన ఆగింది.

"పిన్నితో! ఈ వయసులో పిన్నికి మచ్చలొస్తే ఏంటి, రాకపోతే ఏంటి?"

మళ్ళీ నవ్వులు. పిన్ని చప్పున తలెత్తింది.

ఆ మూలే ఆమెకు ఇన్నాళ్ళూ చాటు. చూపు మసకబారి చాలా రోజులైంది. కళ్ళజోడు పెట్టుకుంటే గుట్టు బయటపడుతుంది. జోడుతో వచ్చిన పెద్దావిడని పోయిన ఏడు కుట్టుపని నుంచి మూటలు కట్టే పనికి మార్చారు. కొన్నాళ్ళకి ఆ పనీ లేదని ఇంటికి పంపారు. అందుకే పిన్ని గుడ్డిదీపం వెలుగులో, వేళ్ళతో తడుముకుంటూ, అలవాటుతోనే కుట్టుకొస్తోంది. దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా, "చేతులు వణుకుతున్నాయే, కాస్త ఎక్కించి పో" అని దారిన పోయే జేబుల పిల్లనే బతిమాలుకునేది. మొన్న ఒక కాలరు వంకర పోయింది. "ఇంకొక్కటి ఇలా వచ్చిందంటే ఇంట్లో కూర్చోవాలి పిన్నీ" అని సూపర్‌వైజరు మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నాడు గనకే ఆమెకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

ఇప్పుడు వెళ్ళి అతని ఎదురుగానే కూర్చోవాలి.

"నాకిక్కడే బాగుంది సార్," అంది పిన్ని.

"లేవండి పిన్నీ, లేవండి. రోజూ ఈ గోల పడే ఓపిక నాకు లేదు."

కత్తెర, దారపుండలు, సగం కుట్టిన కాలరు కొంగులో మూటగట్టుకుని పిన్ని లేచింది. వరసల మధ్య ఎదురుపడ్డ పిల్లతో పళ్ళు బిగించి అంది: "నీ సోకు మాడ! నా నోట్లో మట్టి కొట్టావు కదే!"

"ముఖం పిన్నీ, ముఖం! ఆడపిల్లకి ఆ మాత్రం ఉండొద్దా?" అని ఆ పిల్ల భుజాలెగరేసి మూలకు వెళ్ళిపోయింది.

పిన్ని కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో సూపర్‌వైజరు బల్ల. ఏం ఖర్మో, అప్పుడే దారం తెగింది. పిలుద్దామంటే ఆ పిల్ల గదికి అటు చివర. అతను ఇటే చూస్తున్నాడు. దేవుడా అనుకుంటూ వంగింది.

సూది బెజ్జం కనిపించింది.

తళతళా, స్పష్టంగా, చిన్ననాటి నేస్తం గుమ్మంలో నిలబడినట్టు కనిపించింది. దారం ఒక్క పోటుకే దూరింది. ఎండ గుడ్డ మీద పడుతుంటే పోగుకు పోగు వేరువేరుగా తెలుస్తోంది. కాలరు మొన దగ్గర మలుపు తిప్పి, చివరి కుట్టు వేసి, అతని బల్ల మీద పెట్టింది. అతను తిరగేసి చూశాడు, మరగేసి చూశాడు. బాగున్నవాటి దొంతరలో వేశాడు.

తిట్టిన తిట్టు గుర్తొచ్చి పిన్నికి నవ్వొచ్చింది. దాని సోకు తనకిలా కలిసొచ్చింది మరి!

భోజనాల గంట కొట్టాక డబ్బా పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అందరూ గోడ నీడన కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. జేబుల పిల్ల మాత్రం నీళ్ళతొట్టి గట్టు మీద, నడినెత్తి ఎండలో, చున్నీని మడిచి కిందేసుకుని, కళ్ళు మూసుకుని, ముఖం ఆకాశానికి అప్పగించి కూర్చుంది.

అడుగుల చప్పుడు విని, కళ్ళు తెరవకుండానే అడిగింది.

"దారం ఎక్కిందా పిన్నీ?"

"ఎక్కిందిలే. ముందు నువ్వు లేచి నీడలోకి రా! పొద్దున్న అంత రభస చేసి, ఇప్పుడీ ఎండలో కూర్చుంటావా? డాక్టరు ఏమన్నాడు?"

ఆ పిల్ల పిన్ని కూర్చోవడానికి కాస్త పక్కకి జరిగింది.

"ఏ డాక్టరు పిన్నీ?"