పుచ్చు వంకాయల వేలం

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, సంజీవరావు గంప దగ్గర వేలం ఆగిపోయింది.

అర్ధవీడు దగ్గరి ఆ ఊరి చర్చిలో కాపు కాలమంతా ఆరాధన అయ్యాక వేలం ఉంటుంది. ఎవరి పంటలో తొలి కాయలు వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. పాట పాడినవాళ్లు కొనుక్కుంటారు. ఎవరూ పాడనివి పాస్టరు గారి వంటింటికి పోతాయి. బల్ల మీద పెట్టకుండా ఆ ఇంటికి ఏదీ పంపకూడదు.

వేలం పాడిస్తున్న శ్యాంసన్ గంపలోకి చూసి గొంతు తగ్గించాడు.

"మామా, వేరే గంప ఏమన్నా తెచ్చినావా?"

"లేదు. ఇదే."

వంకాయలకు రంధ్రాలున్నాయి. తోటకూర ఆకులకు తూట్లున్నాయి. పక్క గంపల్లో వంకాయలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

చెన్నయ్య లేచి వచ్చాడు. మిరప బస్తాలు కుట్టడం అతని పని. జేబులోంచి దబ్బనం తీసి, ఒక కాయలోని పురుగును బయటికి లాగి అందరికీ చూపించాడు.

"ఏంది బావా ఇది? దేవునికి మచ్చలేనివి తేవాలని అయ్యగారు ఇంతసేపు చెప్పినాడు గదా. వినలేదా?"

"విన్నా."

"నిన్న కంభం మార్కెట్టుకు ఆటోలో పోయిన కాయలు ఎవరివి?"

"నావే."

"చూసినారా? మంచివి మార్కెట్టుకు, పుచ్చువి దేవునికి. ఈయన మన సంఘ పెద్ద."

మగవాళ్ల వైపు నవ్వులు వినిపించాయి. సంజీవరావు భార్య సామ్రాజ్యం ఆడవాళ్ల వరసలోంచి, "ఎందుకు తెచ్చినావో చెప్పయ్యా" అంది.

"మాటిచ్చినా గదా" అన్నాడు సంజీవరావు.

"చెప్పేదానికి ఉంటే గదా" అన్నాడు చెన్నయ్య. "శ్యాంసన్, ఆ గంప తీస్కపోయి మేకలకు పొయ్యి. పెద్దరికం సంగతి వచ్చే వారం మాట్లాడదాం."

శ్యాంసన్ గంప ఎత్తాడు.

"కింద పెట్టు నాయనా" అంది హెలెన్. ఆమె పాస్టరు రాజ్ కుమార్ భార్య. ఏడో నెల. గోడ పట్టుకుని లేచి నిలబడింది. "ఆయన్ని అడగమాకండి. తెమ్మనింది నేను."

రాజ్ కుమార్ తల తిప్పి భార్య వైపు చూశాడు. అతనికీ ఆ సంగతి తెలియదు.

"డాక్టరమ్మ వీలైనంత వరకు మందు కొట్టనివి తినమనింది. మార్కాపురంలో ఆర్గానిక్ దుకాణం ఉంది. అక్కడ అన్నీ కొనడం మా వల్ల అయ్యే పని కాదు. ఏవి కొనాలో, ఏవి మానాలో సామ్రాజ్యమక్క, నేను కూర్చుని ఎంచుకున్నాం. ఉల్లిగడ్డకు పొర తీస్తాం, గుమ్మడికాయకు చెక్కు తీస్తాం. అవి ఎట్లున్నా పరవాలేదనుకున్నాం. వంకాయ, ఆకుకూర, పచ్చిమిర్చి తోలుతోనే తింటాం. అవి మటుకు కొందామనుకున్నా. పెద్దాయన విని, కొనేదెందుకమ్మా, మా పెరటి మడికి మందు కొట్టం గదా అనినాడు."

ఆ ఊళ్లో అమ్మే చేను వేరు, తినే మడి వేరు. చేనుకు మందు కొడతారు. మడికి కొట్టరు. ఆ సంగతి చర్చిలో కూర్చున్న అందరికీ తెలుసు.

"ఇన్నేళ్లు మీరు పెట్టిందే తిన్నాం" అంది హెలెన్. "ఇప్పుడు ఇవి వద్దంటే మీరు నొచ్చుకుంటారని, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నా. బల్ల మీద పెడితే ఎవరన్నా పాడతారేమో అంటే, పుచ్చు కాయలు ఎవరు పాడతారమ్మా, నీ వంటింటికే వస్తాయి అనినాడు. పెద్దాయనా, నా మూలంగా నువ్వు మాటలు పడినావు."

"అది సరేగానీ అమ్మా" అన్నాడు సంజీవరావు. "ఆ వంకాయలు ఈ పూటే వండుకో. పురుగులకు ఆదివారం సెలవు లేదు."

ఈసారి ఆడవాళ్లు కూడా నవ్వారు. శ్యాంసన్ పద్ధతి ప్రకారం మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పాడలేదు. గంప హెలెన్ వంటింటికి వెళ్లింది.

తర్వాతి ఆదివారం బల్ల మీద మెరిసే కాయ ఒక్కటీ లేదు. మచ్చల టమాటాలు, ముడుచుకున్న మిరపకాయలు, తూట్లు పడిన గోంగూర ఉన్నాయి. సంజీవరావు మళ్లీ పెరటి వంకాయలే తెచ్చాడు. చెన్నయ్య కూడా సంచి నిండా వంకాయలు తెచ్చాడు. ప్రతి కాయకూ రంధ్రం ఉంది.

"మా పెరట్లోవే అమ్మగారూ" అన్నాడు.

"మచ్చలేనివి యాడబోయినాయి తమ్ముడా?" అని అడిగింది సామ్రాజ్యం.

"మార్కెట్టుకు పోయినాయిలే అక్కా. ఊరుకో ఇంక."

రాజ్ కుమార్ ప్రార్థనలో వానకు, పంటకు, పురుగులకు కూడా దేవునికి స్తోత్రం చెప్పాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఆమేన్ గట్టిగా వినిపించింది.

శ్యాంసన్ ఒక్కో గంపకూ మూడుసార్లు పిలిచాడు. ఆ వారం కూడా ఎవరూ పాడలేదు. బల్ల మీదివన్నీ హెలెన్ వంటింటికి వెళ్లాయి. ఆమె లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి, బయటికి పోయే ఒక్కొక్కరికీ చేతులు జోడించి వందనాలు చెప్పింది. చెన్నయ్యకూ చెప్పింది. అతను తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

సోమవారం ఉదయం హెలెన్ కత్తిపీట ముందు కూర్చుంది. సంజీవరావు కాయల్లో పుచ్చు తీసేసి, మిగతాది ఉప్పునీళ్లలో వేసింది. తర్వాత చెన్నయ్య సంచి విప్పి, కాయలన్నీ కోసింది. ఒక్కదాంట్లోనూ పురుగు లేదు. రంధ్రాలన్నీ ఒకే లావున, దబ్బనం పట్టేంత ఉన్నాయి.