అర్వో బాబాయ్ పెట్టిన పరీక్ష

"ఇప్పుడు నేను నీ బాబాయిని కాను. పిస్తోలు ముట్టుకోనైనా ముట్టుకోని కొత్తవాణ్ణి. కానియ్, నేర్పు," అన్నాడు అర్వో, బల్లకు అవతల కుర్చీలో కూలబడుతూ.

కారిన్ గొంతు సవరించుకుంది. పిస్తోలు శిక్షకురాలిగా సర్టిఫికెట్ చేతికి రావడానికి ఈ ఒక్క పాఠమే అడ్డం. రాతపరీక్షా గురిపరీక్షా నిన్ననే గట్టెక్కింది. తోటివాళ్లంతా పాఠాలు చెప్పేసి, జింకల వేట మొదలవబోతోందని ఇళ్లకు పరుగెత్తారు. సుపీరియర్ సరస్సు మీది గాలికి తుపాకీ క్లబ్బు కిటికీలు టపటప కొట్టుకుంటున్నాయి.

చిన్నప్పుడు ఆమెకు తొలిపాఠం చెప్పింది కూడా అర్వోయే, ఈ కట్టెల పొయ్యి పక్కనే. ఖాళీ పిస్తోలును తెలియక నాన్న వైపు తిప్పిందా రోజు. అర్వో కసరలేదు. రెండువేళ్లతో దాని మూతిని మెల్లగా గోడకేసి తిప్పి, "అది చూసేవైపు మనకు కావలసినవాళ్లెవరూ ఉండకూడదు, అమ్మాయ్," అన్నాడంతే. అతనూ నాన్నా ఇనుప గనిలో ఒకే షిఫ్టు. శనివారం సాయంత్రమైతే రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో చేరేవి. ఆవిరి గదిలో చెమటలు కక్కి, ఎర్రగా కందిన మొహాలతో మంచులోకి ఉరికి, అర్వో భార్య ఎల్మా చేసిన మాంసం కూరి కాల్చిన వేడివేడి పేస్టీల మీద పడేవాళ్లు. ఆ రోజులు ఏమైపోయాయో. గని మూతబడింది. నాన్న పోయాడు. నిరుడు ఎల్మా కూడా వెళ్లిపోయింది. ఈ తరగతితో తనూ చాలిస్తానని అర్వో క్లబ్బులో అందరికీ చెప్పేశాడు.

బల్ల మీద అతని సొంత రివాల్వరే ఉంది, తెరిచి, ఖాళీగా. గదిలో తూటాలు లేవని చూసుకుని కారిన్ పాఠం మొదలుపెట్టింది. మూతి ఎప్పుడూ క్షేమమైన వైపే ఉండాలనీ, కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు వద్దనీ చెప్పింది. అర్వో తెలివితక్కువ విద్యార్థిలాగే వేలు పెట్టకూడని చోటల్లా పెట్టాడు. ఆమె ఓపిగ్గా దిద్దింది.

ఇంట్లో భద్రపరచడం గురించి ఎత్తుకోగానే అతను అడ్డం వచ్చాడు.

"అది దాటెయ్యమ్మా. ఇంట్లో నేనొక్కణ్ణే."

"ఒక్కరున్నా తాళం వెయ్యాల్సిందేనండీ."

"ఎవరి కోసం?"

అర్వో పరీక్షల్లో మెలికలుంటాయని కారిన్‌కు తెలుసు. "సరే, వచ్చేవారం దీని సంగతి వివరంగా చూద్దాం," అంది.

"వచ్చేవారం రాను."

"ఎందుకని?"

"పనులన్నీ అయిపోయాయి. కుక్కను పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. ఇల్లు సర్దేశాను. ఇంకేముంది?"

పొద్దుటి తరగతిలో అతనే అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది: ఎవరికి నేర్పకూడదో తెలియనివాడు ఎంత గురిగలవాడైనా శిక్షకుడు కాడు. అదన్నమాట మెలిక. వేషం ఎంత బాగా కట్టాడంటే ఆమె వీపు మీద చలి పాకింది.

లేచి, రివాల్వర్ తీసుకుని, క్లబ్బు ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి జేబులో వేసుకుంది.

"అది నాది," అన్నాడు అర్వో.

"మీదే. ఇవాళ మాత్రం ఇవ్వను." మళ్లీ వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది. "సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోవాలని ఉందా మీకు?"

అతను చూపు పొయ్యిలో మంటకేసి తిప్పాడు. "ఉందంటే ఏం చేస్తావు?"

"మిమ్మల్ని ఒంటరిగా ఇంటికి పంపను. ఇవాళ శనివారం. మా ఇంట్లో ఆవిరి గది కాగుతోంది. పద బాబాయ్, నాతో రా."

అనేసి నాలిక కరుచుకుంది. బాబాయ్ అనకూడదు. పాఠం సగంలో వదిలేసింది, కట్టిన వేషమూ చెరిపేసింది. పరీక్ష పోయినట్టే అనుకుంది.

అర్వో కళ్లు తుడుచుకుని, పొయ్యి పొగ అన్నాడు. ఆమె పరీక్ష కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

"నెగ్గావు, అమ్మాయ్. పద."

ఆ సాయంత్రం చాలా ఏళ్ల తర్వాత అతను కారిన్ ఇంటి ఆవిరి గదిలో పైమెట్టు మీద కూర్చుని, ఎల్మా కబుర్లు చెబుతూ చెబుతూ వెక్కి ఏడ్చాడు. ఏడవనీ అని ఊరుకుంది కారిన్. పెళ్లాం పోయిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఏడవాలి కదా. అప్పట్నుంచి ప్రతి శనివారమూ వచ్చాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంటే, ఆమె భర్త అతణ్ణి పట్నంలో డాక్టరు దగ్గరికి తిప్పాడు. బీరువాలోని రివాల్వర్ తీసుకెళ్లమని ఆమె ఒకసారి గుర్తుచేస్తే, ఉండనీ, నాకెందుకిప్పుడు అన్నాడు. మంచు కరిగాక మళ్లీ క్లబ్బుకు రావడం మొదలుపెట్టి, కారిన్ తరగతులకు బల్లలు సర్దిపెట్టాడు. ముసలాడికి మళ్లీ ఒళ్లు వచ్చిందని ఊళ్లో నవ్వుకున్నారు.

ఆకులు ఎర్రబడే కాలానికి, శిక్షకులవుదామనుకునేవాళ్లు కొందరు ముందుగా సాధన చేయించమని కారిన్‌ను అడిగారు. ఆ మాట చెప్పడానికి ఆమె అర్వో ఇంటికి వెళ్లింది. అతను పొరకతో గుమ్మం ముందు ఆకులు ఊడుస్తున్నాడు.

"నాకు కట్టిన వేషమే వాళ్లకూ ఒక్కసారి కట్టు, బాబాయ్," అంది. "నీలా ఎవరూ చెయ్యలేరు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది."

అర్వో ఊడవడం ఆపాడు.

"ఆ రోజు నేను వేషం కట్టలేదు, అమ్మాయ్."