ఒక్క కుర్చీ, రెండు గడ్డాలు

నార్బర్ట్ హెక్‌మన్ అనేవాడు పుట్టకపోయి ఉంటే లెస్టర్ ప్రూయిట్ బతుకు ఇంకోలా ఉండేది.

ఇది లెస్టర్ మాటే. వినే ఓపిక ఉన్నవాళ్లకి చెబుతాడు. లేనివాళ్లకి ఇంకా ఎక్కువ చెబుతాడు.

టొలీడో ఊరి చివరి మాల్‌లో ఏడేళ్లుగా ఇద్దరూ క్రిస్మస్ తాత వేషం కడుతున్నారు. పొద్దున పూట లెస్టర్, సాయంత్రం పూట నార్బర్ట్. జనం విరగబడేది సాయంత్రమే. ఫొటోలూ, పొగడ్తలూ, తల్లులు ఇంట్లో చేసి తెచ్చే బిస్కెట్లూ అన్నీ నార్బర్ట్‌కే. లెస్టర్‌కి మిగిలేది నిద్ర చాలక గుక్కపట్టి ఏడ్చే చంటిపిల్లలు.

ఈ ఏడు మాల్‌లో సగం షాపులు మూతపడ్డాయి.

"ఒక్క తాతకే జీతం ఇవ్వగలను. ఎవరన్నది శుక్రవారం చెబుతా," అంది మేనేజర్ డార్లీన్.

పెట్టుడు గడ్డం తాత వీధికొకడు దొరుకుతాడు. ఈ మాల్‌లో మాత్రం సొంత గడ్డం ఉన్నవాడికే కుర్చీ. జీతం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. చెరువు గడ్డకట్టి, తను పనిచేసే పడవల షెడ్డు మూసేశాక లెస్టర్‌కి చలికాలం గడిచేది ఆ కుర్చీ మీదే. అది పోతే ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి కూడా దిక్కుండదు.

నార్బర్ట్ గడ్డాన్ని చూస్తే లెస్టర్‌కి ఒళ్లు మంట. అంత గడ్డం పెట్టుకుని అంత నిర్లక్ష్యమా! చిల్లీ అనే చిక్కుళ్ల కూర తిని గడ్డాన్ని మోచేత్తో తుడుచుకుంటాడు. పిల్లలు పట్టుకుని ఊగుతుంటే హోహోహో అంటాడు. పైగా అది రాలుతుంది. ఎర్ర కోటు మీద తెల్ల పిల్లి పడుకుని లేచినట్టు ఎక్కడ చూసినా వెంట్రుకలే. పొద్దున్నే ఆ కుర్చీ దులుపుకోవలసింది ఎవరు? లెస్టర్.

లెస్టర్ గడ్డం అలా కాదు. పొంగిన పాల నురగ. అందరికంటే గంట ముందొచ్చి, వేషం వేసుకునే గదికి గడియ పెట్టుకుని దాని సేవ చేసుకుంటాడు. కాఫీ కూడా స్ట్రాతోనే. పిల్లలెవరైనా గడ్డం మీదికి చెయ్యి చాపితే ఆ చేతిలో టక్కున మిఠాయి కర్ర పెట్టేస్తాడు.

"పెళ్లాన్ని ఇంత ముద్దుగా చూసుకునుంటే అది పోయేది కాదు కదరా," అనేవాడు నార్బర్ట్.

"అందుకేరా, నాది రాలదు. నీది రాలుతుంది," అనేవాడు లెస్టర్.

గురువారం సాయంత్రం ఒక పసిపిల్ల నోట్లో మిఠాయితోపాటు తెల్ల వెంట్రుక కూడా వెళ్లింది. తల్లి కెవ్వుమంది. ఆ సంగతి విని లెస్టర్‌కి పండగే అయింది. నార్బర్ట్ కోటు మీద ఉన్నవన్నీ ఏరి, కాగితం రుమాలులో కట్టి, శుక్రవారం ఆఫీసులో డార్లీన్ టేబుల్ మీద పెట్టాడు. నార్బర్ట్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"వాడిది పెట్టుడు గడ్డం మేడమ్. చవక బంకైతే కోటు వేడికి కరిగిపోతుంది. ఇదిగో, ఇలా ఊడిపోతుంది."

"లాగి చూడండి," అని నార్బర్ట్ వంగి గడ్డం చాపాడు.

డార్లీన్ లాగింది. గడ్డంతోపాటు తల కూడా వచ్చింది.

"అయితే అది జబ్బు!" అన్నాడు లెస్టర్ మాట మార్చి. "మంచి గడ్డమైతే ఎందుకు రాలుతుంది?"

డార్లీన్ ఈ ఉద్యోగానికి ముందు చాలా ఏళ్లు సెలూన్ నడిపింది. రుమాలులోంచి ఒక వెంట్రుక తీసి కిటికీ వెలుగుకి పట్టింది.

"కొసన ఈ బుడిపె చూడండి. కుదుట్లోంచి వచ్చింది ఇది. జబ్బూ కాదు, గిబ్బూ కాదు. వెంట్రుకకీ ఆయుష్షు ఉంటుంది లెస్టర్ గారూ. కొంతకాలం పెరుగుతుంది, కొన్నాళ్లు ఊరికే కూర్చుంటుంది, కింద కొత్తది మొలిచాక కుర్చీ ఖాళీ చేసి పోతుంది. మీ తలలోంచీ నా తలలోంచీ రోజుకి యాభయ్యో వందో పోతూనే ఉంటాయి. దువ్వెనకి తెలుసు, మనమే పట్టించుకోం."

"విన్నావురా? నాది బతికున్న గడ్డం," అన్నాడు నార్బర్ట్ మీసం కింద నవ్వుతూ.

ఆ నవ్వుతో లెస్టర్ ఏడేళ్ల కుళ్లు ఒక్కసారిగా బయటపడింది.

"అయితే పిల్లలకి వెంట్రుకలు తినిపిస్తారా మేడమ్? నా గడ్డం చూడండి! ఏడేళ్లు! ఆ కుర్చీ మీద గానీ, నా కోటు మీద గానీ నాది ఒక్కటంటే ఒక్క వెంట్రుక దొరికిందేమో ఊడ్చేవాళ్లని అడగండి!"

డార్లీన్ చేతిలోని వెంట్రుకను మెల్లగా కింద పెట్టింది.

"ఒక్కటి కూడానా?"

"దేవుడి మీద ఒట్టు. ఒక్కటి కూడా."

నార్బర్ట్ నవ్వు ఆగిపోయింది. డార్లీన్ లేచి, టేబుల్ చుట్టూ తిరిగి, లెస్టర్ ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యి చాపింది. లెస్టర్ అలవాటు కొద్దీ మిఠాయి కర్ర కోసం జేబులు తడుముకున్నాడు.

ఆమె రెండు వేళ్లతో, దుమ్ము దులిపినంత మెల్లగా లాగింది. ఒక్క వెంట్రుక కూడా రాలకుండా గడ్డం మొత్తం బంకతో సహా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది, దాని వెనకే లెస్టర్ ప్రూయిట్ చలికాలమూ పోయింది, అక్షరాలా పదకొండు వేల నాలుగు వందల డాలర్లు.