విడిగా ఐదు నిమిషాలు

“మేడమ్, మీతో ఐదు నిమిషాలు మాట్లాడాలి. విడిగా.”

నెమ్మదయ్య ఆ మాట అనగానే టీమ్ లీడర్ గుండె గుభేలుమంది. ఆ కాల్ సెంటర్లో ఎవరైనా విడిగా మాట్లాడాలన్నారంటే ఉద్యోగం మానేస్తున్నట్టే. ఈ నెలలోనే ఇద్దరు అలా విడిగా మాట్లాడి చక్కా వెళ్ళిపోయారు. “ఇంకొక్కరు వెళ్ళారంటే, ఆ తర్వాత మనం మాట్లాడుకోవాల్సింది మీ గురించే” అని డైరెక్టరు మొహం మీదే అనేశాడు. మొగుడి షాపు మూతపడ్డాక ఇల్లు గడిచేది ఆవిడ ఉద్యోగంతోనే.

పోనీ పోయేవాడు ఎవడో ఒకడైతే సర్దుకోవచ్చు. నెమ్మదయ్యాయె! హాల్లో అందరూ కలిసి పెట్టిన పేరది. పాడైన వాషింగ్ మెషీన్ గురించి ఫోన్‌లో నిప్పులు కక్కే కస్టమర్లు కూడా, అతనితో నాలుగు మాటలు మాట్లాడేసరికి “ఏమీ అనుకోకండి, ఏదో కోపంలో అనేశాను” అని ఫోన్ పెట్టేసేవాళ్ళు. మిగతావాళ్ళు చేతులెత్తేసిన కాల్స్ అన్నీ చివరికి అతని హెడ్‌సెట్‌లోకే చేరేవి. అతను వెళ్ళిపోతే టీమ్ పని అయిపోయినట్టే, దాంతోపాటు ఆవిడ పనీ.

అతన్ని అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. లీడర్లకిచ్చిన ట్రైనింగ్‌లో చెప్పింది ఒక్కటే గుర్తొచ్చింది. రాజీనామా మాట ఒకసారి బయటికొచ్చిందంటే ఆ మనిషి ఇక ఆగడు, అందుకని ఆ మాట రానివ్వకండి. ముందు మెచ్చుకోండి, ధైర్యం చెప్పండి, ఆనక మాట తీసుకోండి.

“మేడమ్, విషయమేంటంటే...”

“ముందు కూర్చోవయ్యా. నిన్న ఆ ఫ్రిజ్ ఆవిడతో ఎంత బాగా మాట్లాడావు! ఆ కాల్ విని నేనే ముచ్చటపడిపోయాను.”

“థాంక్స్ మేడమ్. కానీ నేను చెప్పొచ్చేది...”

“నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు.”

నెమ్మదయ్య తెల్లబోయాడు. “మీకు తెలుసా మేడమ్?”

“ఆ మాత్రం కనిపెట్టలేనా? మొహం చూస్తేనే తెలిసిపోతోంది. రాత్రి కంటి మీద కునుకు పట్టినట్టు కూడా లేదు.”

“పట్టలేదు మేడమ్. నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నారు. అలాంటి మీకు ఈ మాట ఎలా చెప్పాలో...”

“చెప్పొద్దు!”

దాదాపు అరిచింది. అద్దం అవతల ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఆవిడ గొంతు తగ్గించి, లేని నవ్వు తెచ్చుకుంది.

“తమ్ముడినన్నావు కాబట్టి అక్కలా చెబుతున్నా, విను. నీకున్నదల్లా భయం. నీ విలువ నీకే తెలీదు. నువ్వు ఇక్కడే ఎదగాల్సినవాడివి. ఎంత పెద్ద బాధ్యతైనా మొయ్యగలవు.”

“నిజంగా నా వల్ల అవుతుందంటారా?”

హమ్మయ్య, సందు దొరికింది. ఆవిడ ఇక ఆలస్యం చెయ్యలేదు.

“అవుతుందంటారా ఏంటి? నాకు లేని ఓర్పు నీకుంది. నాకు మాటివ్వు. ఎక్కడికీ వెళ్ళనని, ఇక్కడ ఏ బాధ్యత ఇచ్చినా కాదననని.”

ఆవిడ చెయ్యి చాచింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు మేడమ్. మాటిస్తున్నాను,” అని చేతిలో చెయ్యి వేశాడు.

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. సీసాలో నీళ్ళు గటగటా తాగేసి కుర్చీలో వెనక్కి వాలింది. గండం గడిచింది కదా, ఇక ఏం విన్నా ఫరవాలేదు.

“ఊఁ, ఇప్పుడు చెప్పు. ఏ కంపెనీవాళ్ళు పిలిచారు?”

“వేరే కంపెనీ ఏంటి మేడమ్? పిలిచింది మన డైరెక్టరు గారే. టీమ్ లీడర్‌గా చేస్తావా అని అడిగారు. చెయ్యనని చెప్పేద్దామనుకుని, ముందు మీ చెవిన వేద్దామని వచ్చాను.”

ఇంతసేపూ తను భయపడి చచ్చింది దీనికా! ఆవిడకు నవ్వాగలేదు. ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి మారితే మానేసినట్టు కాదు. పైగా తన దగ్గర తయారైనవాడు లీడరైతే పేరు తనకే.

“పిచ్చివాడా, ఇలాంటిదానికి ఎవరైనా వద్దంటారా?”

“నేను ఒప్పుకుంటే ఆ సీట్లో ఉన్నవాళ్ళని పంపించేస్తారట మేడమ్. ఒకళ్ళ పొట్ట కొట్టి...”

“ఇదిగో, ఈ మెతకదనమే వద్దంటున్నా. వాళ్ళకి చేతకాలేదు కాబట్టే కదా నిన్ను అడిగారు? లోకంలో అందరి గురించీ నువ్వే బాధపడుతూ కూర్చుంటే ఎప్పటికి పైకొస్తావు? వాళ్ళ తిప్పలేవో వాళ్ళు పడతారు. ఫోన్ తియ్యి. ఒప్పుకుంటున్నానని ఇప్పుడే నా ఎదురుగా మెసేజ్ పెట్టు.”

నెమ్మదయ్య టైప్ చేశాడు. ఒకసారి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కానిమ్మన్నట్టు తలూపింది. పంపేశాడు. మరుక్షణంలో డైరెక్టరు నుంచి జవాబొచ్చింది, చాలా సంతోషమని.

“శభాష్! ఇంతకీ ఊడేది ఎవరి సీటయ్యా? పై అంతస్తు టీమ్‌ని చూసే ఆ బట్టతలాయనదేనా?”

నెమ్మదయ్య మొహం పాలిపోయింది.

“మీకు తెలుసనుకున్నాను మేడమ్... మీదే.”