ఏడు పారిజాతం ఆకులు

గేటు పక్కన గొడ్డలి కనిపించగానే సామ్యేలు చేతికర్ర ఆన్చి నిలబడిపోయాడు.

గొడ్డలి తాపీమేస్త్రీ అమ్మిరాజుది. అతను జోసెఫిన్ ఇంటి పారిజాతం చెట్టు చుట్టూ తిరుగుతూ, ఎటు పడగొట్టాలా అని చూస్తున్నాడు.

"రండి సరంగు గారూ," అంటూ జోసెఫిన్ కాఫీ గ్లాసు అందించింది. "వేళ్లు ప్రహరీని తోసేస్తున్నాయండి. గోడ కొత్తది కట్టిస్తున్నా. చెట్టు అడ్డమని ఇవాళ కొట్టించేస్తున్నా."

సామ్యేలు యానాం రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు నడిపి, సరంగుగా రిటైరయ్యాడు. జోసెఫిన్ పాండిచ్చేరిలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి, నిరుడే సొంతూరు వచ్చింది. ఆయన ఒంటరి. ఆవిడా ఒంటరే.

ఏడాదిగా ఆయన రోజూ పొద్దున్నే మెట్టకూరు నుంచి ఆటోలో వస్తాడు. అరుగు మీద కూర్చుని ఎడమ మోకాలు రుద్దుకుంటాడు. కషాయానికని ఏడాకులు కోసుకుని వెళ్తాడు. ఏడాకులు కొయ్యడానికి గంట పడుతుంది.

చెట్టు పోతే ఆ గంటా పోతుంది.

"ఇది అలాంటిలాంటి చెట్టు కాదండి," అన్నాడు అరుగు మీద కూర్చుంటూ. "ఆకు కీళ్ల నొప్పులకి. నడుం నుంచి కాల్లోకి లాగే నొప్పికి దీన్ని మించింది లేదు. జ్వరానికీ ఇదే. గింజలు నూరి రాస్తే చుండ్రు పోద్ది."

"నాకు చుండ్రు లేదండి."

"నాకుందండి," అన్నాడు అమ్మిరాజు తల గోక్కుంటూ.

"బెరడు దగ్గుకి మంచిది."

"దగ్గూ లేదు. అయినా మీ బాధ నాకు తెలుసు లెండి. ఆకంతా దూసి, ఎండబెట్టి, బస్తాకెత్తి ఇస్తాను. ఏడాది వస్తుంది."

సామ్యేలు చేతిలో గ్లాసు ఒరిగింది. పొగలు కక్కే కాఫీ ఒలికి ఎడమ మోకాలి మీద పడింది. ఆయన చూపు గొడ్డలి మీదే ఉంది. జోసెఫిన్ తువ్వాలు అందించేదాకా తెలియనే లేదు.

"ఎండితే గుణం పోద్దండి. పచ్చాకే వాడాలి."

"అయితే చెట్టు కింద మొక్కలు లేచాయి. ఒకటి పట్టుకెళ్లి మీ పెరట్లో వేసుకోండి."

"మాకు పెరడు లేదండి."

"కుండీలో?"

"కుండీలో బతకదండి."

"ఈ అరుగు మీద కూర్చుని కోస్తేనే పని చేస్తుందా ఏంటి మీ మందు?"

అమ్మిరాజు నవ్వు దాచుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

సామ్యేలు దగ్గర ఇక గుణాలేవీ మిగల్లేదు. చేతికర్ర అందుకుని మెల్లగా లేచాడు. "మీ చెట్టు, మీ ఇష్టం. వస్తానండి."

ఆయన గేటు దాటబోతుండగా వెనక నుంచి జోసెఫిన్ గొంతు వినిపించింది.

"అమ్మిరాజూ, గొడ్డలి పక్కన పెట్టు. గోడే రెండడుగులు అవతలికి జరిపి కట్టు, అదీ మన స్థలమే."

సామ్యేలు ఆగిపోయాడు.

"రేపట్నించి ఆకుల కోసమని చెప్పక్కర్లేదు, కాఫీకే రండి," అంది ఆవిడ.

"మరి... మోకాలు..."

జోసెఫిన్ నవ్వింది. "ఆ ఎడమ కాలు మీరు జైపూరులో వేయించుకున్న పెట్టుడు కాలు కదండీ, దానికి మోకాలి నొప్పేంటని మొదటిరోజే అడిగేస్తే మీరు రెండోరోజు వచ్చేవారా?"