పైగుడ్డా లైనింగూ

తనను నిలువునా ముంచింది నవలల పంతులేనని దర్జీ కనబడినవాడికల్లా చెప్పాడు. విని విని విసుగెత్తి జనం కొలతలివ్వడానికి రావడం కూడా తగ్గించారు. చివరికి నవల చంకన పెట్టుకుని తిన్నగా ఆ పంతులి ఇంటికే వెళ్లాడు.

"రావయ్యా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదండీ. నూట పన్నెండో పేజీ తియ్యండి. తిరుగుబాటులో చచ్చినవాళ్ల సమాధుల కోసం మా పడవ తాత రేవు పక్క నేలంతా దానమిచ్చాడని రాశారు. మా తాత ఎంగిలిచేత్తో కాకిని తోలే రకం కాదండీ. ఆయన భూమిస్తాడా?"

పంతులు నవ్వబోయి మానుకున్నాడు.

ఆ పేజీ పట్టుకునే తిరుగుబాటు స్మారక కమిటీవాళ్లు భూముల అధికారి దగ్గరికి వెళ్లారు. దానమైపోయిన నేలలో దర్జీకేం పని, ఖాళీ చేయించండి అన్నారు. అతని కొట్టూ, ఇల్లూ, కన్నబిడ్డల్లా పెంచిన ఏడు నిమ్మచెట్లూ అన్నీ అక్కడే. సోమవారం విచారణ.

"చరిత్ర నవలంటే అంతేనయ్యా" అన్నాడు పంతులు. "నీ భాషలో చెప్పాలంటే నిజం పైగుడ్డ, కల్పన లైనింగు. రేవు నిజం, తిరుగుబాటు నిజం. దానం మటుకు నేను కుట్టిందే."

"మీ లైనింగు కోసం నా ఒంటిమీద చొక్కా కోస్తారా? సరే, అయిందేదో అయింది. ఆ మాటే వచ్చి అధికారి ముందు చెప్పండి."

పంతులు నసిగాడు. "నన్నక్కడికి లాగకు. అడగడం మొదలుపెడితే వాళ్లు ఎక్కడ ఆగుతారో తెలీదు. కమిటీవాళ్లతో నేను మాట్లాడతాను. కాళ్లావేళ్లా పడైనా ఒప్పిద్దాం."

"కాళ్లు పట్టుకోడానికి నేనేమైనా దొంగనా? నా కడుపు మీద కొట్టేటప్పుడు కలం బాగానే ఆడింది. ఇప్పుడు నోరు పెగలదేం?"

పంతులు నవల మూసి అతనికి తిరిగిచ్చాడు. "నీ ఇష్టం. వస్తాను. కానీ అక్కడ అబద్ధం చెప్పమని మాత్రం అడక్కు."

"నాక్కావలసింది నిజమేనండీ బాబూ!"

సోమవారం దర్జీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. అధికారి నవల తిరగేసి, పంతుల్ని అడిగాడు.

"ఈ దానం నిజంగా జరిగిందా?"

"లేదండీ. కల్పన."

కమిటీవాళ్ల మొహాల్లో నెత్తురుచుక్క లేదు. దర్జీ తన భార్య చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆవిడ కళ్లొత్తుకుంది.

"ఇంకా ఏమేం కల్పించారు?"

పంతులు దర్జీ వైపు చూశాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"చెప్పండి సార్, దాపరికం దేనికి?" దర్జీ ఉత్సాహంగా అందుకున్నాడు. "ఏది మీ సొంత కల్పనో అంతా చెప్పెయ్యండి. మళ్లీ ఎవడూ నోరెత్తకూడదు."

"ఆ పడవ తాత కూడా కల్పనేనండీ" అన్నాడు పంతులు నేల చూస్తూ. "అలాంటి మనిషి పుట్టనే లేదు."

అధికారి చేతిలో కలం అలాగే ఆగింది.

దర్జీ భార్యకు చిర్రెత్తుకొచ్చింది. "పుట్టకపోవడమేమిటండీ, విడ్డూరం కాకపోతే! చూస్తూ ఊరుకుంటారేం? మీ సొంత తాతగారు కదా, చెప్పండి!"

దర్జీ ఆవిడ చెయ్యి వదిలేశాడు.

అనాథాశ్రమంలో పెరిగిన అతనికి తాతంటూ ఒకడు దొరికిందే పందొమ్మిదేళ్ల కిందట ఆ నవలలో. అందులో వరదకు తప్పిపోయిన మనవణ్ణి నేనేనని, నూట పన్నెండో పేజీ ఊసెత్తకుండా, అప్పటి అధికారుల్ని నమ్మించి అతను రాయించుకున్న పట్టా, ఇప్పుడీ అధికారి కొట్టేసిన పట్టా, ఎకరా ముప్పై రెండు సెంట్లు.